సైరన్ మోగలేదు, ప్రెస్ నోట్ మాత్రం వచ్చింది

పోయిన ఐతారం పొద్దుగాల ఆరు సుత కాలె, ఫోన్ మోగింది. పక్కూరి తమ్ముడు. డిగ్రీ అయినంక మూడేండ్లు హైదరాబాద్ల డెలివరీ పని జేసి, ఇగ నాతోని కాదని ఊరికొచ్చి నీళ్ల ప్లాంట్ పెట్టుకున్నడు. వాళ్లమ్మ మహిళా సంఘంల తీసిన అప్పు కొంత, చిట్టీ ఎత్తిన పైసలు కొంత. పాత ట్రాలీ ఆటో ఒకటి కొనుక్కొని నూట నలభై ఇండ్లకు క్యాన్లు ఏస్తడు.

"అన్నా, నువ్వు పేపర్లకు రాస్తవు గద. జర ఒక ప్రెస్ నోట్ రాసియ్యే. అర్జెంటు."

ఏమైంది తమ్మీ అంటె చెప్పిండు. ఒకరింట్ల క్యాన్ అడుగున పచ్చగ పాకురు, అండ్ల కదులుతున్న పురుగు. ఆ ఇంటి పిల్లగాడు వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల ఏసిండు. పొద్దుగూకే వరకు మూడు ఊర్ల గ్రూపులు తిరిగింది. "ఇదంత అవతలి ప్లాంటోని కుట్ర, తప్పుడు వీడియోలు ఏస్తె కేసు పెడ్తం అని రాయన్నా" అన్నడు.

నేను మూడు ముచ్చట్లు అడిగిన. ఆ క్యాన్ నీదేనా? నాదే అన్నా, మూత మీద నా స్టిక్కరే ఉంది. లోపట ఎన్నడు కడిగినవ్? కడుగుతనే ఉంటమన్నా, పనిపిలగాడు కడుగుతడు. ఆ ఇంటికి పోయినవా?

"పోలే అన్నా. పోతె తప్పు ఒప్పుకున్నట్టు అయితది గద."

ఇగో, ఈ మాట కాడ నేను ఆగిపోయిన. ఇరవై ఆరేండ్ల పోరడు, ఊర్ల పుట్టి పెరిగినోడు, ఆ ఇంటోళ్లను కాకా, చిన్నమ్మా అని పిలిచేటోడు. ఇంత తొందరగ కంపెనీ బుద్ధి ఎట్ల వచ్చింది వీనికి? ఎవ్వరూ నేర్పలే. టీవీల, ఫోన్ల పెద్ద పెద్ద కంపెనీలు చేసేది సూసి, వ్యాపారమంటె గిట్లనే మాట్లాడాలె కావచ్చు అనుకున్నడు. అందుకే ఈ వారం గీ పబ్లిక్ రిలేషన్స్ సంగతి మాట్లాడుకుందాం. మీల మస్తు మంది ఇప్పుడు డెయిరీ అని, చికెన్ సెంటర్ అని, ఇన్‌స్టాల చీరలు అని షురూ చేస్తున్నరు. ఇంకో దిక్కు మీ ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తే దాని పీఆర్ పడేది సుత మీ మీదనే. రెండు దిక్కులా పనికొస్తది.

నేను దీన్ని ఏ కాలేజీల చదువలేదు. ఇంటర్ కాడనే ఆగిన. ఇరవై ఏండ్ల సంది కంపెనీల ప్రెస్ నోట్లకు ఎదురు ప్రెస్ నోట్ రాసుడే నా పని. ఒకసారి మా మండలంల ఒక ఫ్యాక్టరీ నల్లనీళ్లు చెరువులకు ఇడిస్తె చేపలన్నీ తేలినయి. చచ్చిన చేపలను తట్టలల్ల ఏసుకొని గేటు కాడికి పోయినం. తెల్లారి పేపర్ల మా వార్త లేదు. అదే పేజీల ఆ కంపెనీ మేనేజర్ బడిపిల్లలకు నోట్‌బుక్కులు పంచుతున్న ఫొటో ఉన్నది. ఆ రోజు సంది నేను పేపర్ సదివే తీరు మారింది. వార్త ఏముందో సూసి ఊకోను, ఏం లేదో సుత సూస్త.

ముందుగాల ఒక తేడా తెల్సుకోవాలె. అడ్వర్టయిజ్‌మెంట్ అంటె పైసలిచ్చి జాగ కొనుక్కొని నిన్ను నువ్వే పొగుడుకునుడు. సదివేటోనికి సుత తెల్సు, ఇది వీడు కొన్నదని. పీఆర్ అట్ల కాదు. నీ గురించి వేరేటోడు మంచిగ అనుకునేటట్టు, మంచిగ చెప్పేటట్టు చేసుకునుడు. పాలోని దుకాణం ముంగట "స్వచ్ఛమైన పాలు" అని బోర్డు ఉంటె అది యాడ్. "వాడు నీళ్లు కలుపడు" అని పక్కింటామె అంటె అది పీఆర్. పక్కింటామె మాటకే బలమెక్కువ. అందుకే కంపెనీలు ఆ మాటనే కొనాలని సూస్తయి. అసలు లొల్లి అక్కడ్నే మొదలైతది.

ఈ పని పుట్టిన కథ సుత వినుండ్రి. అమెరికాల ఐవీ లీ అని ఒక జర్నలిస్టు ఉండె. పీఆర్ వృత్తికి మొదటి తరం పెద్దమనిషి లెక్క. 1906ల బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేసుకుంట ఒక ప్రకటన రాసిండు. దాని మతలబ్ ఏందంటె, మేం దాచి పెట్టి పని చెయ్యం, పేపరోళ్లు ఏది అడిగినా నిజం చెప్తం అని. అదే ఏడాది అక్టోబర్‌ల అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీదికెల్లి నీళ్లల్ల పడి యాభై మందికి పైగ చచ్చిపోయిన్రు. అప్పటిదాక రైల్వే కంపెనీలు ఏం చేసేటియి అంటె, యాక్సిడెంట్ అయితె పేపరోళ్లను దగ్గరికి రానియ్యకపోయేటియి. ఈయన ఉల్టా చేసిండు. కంపెనీ తరఫునే ఏమైందో రాసి ఇచ్చిండు, విలేకరులను అక్కడికి తీస్కపోయి సూపెట్టిండు. ప్రెస్ రిలీజ్ అనేది ఇక్కడ్నే షురువైందని చెప్తరు.

ఇంతవరకే చెప్పి ఆపుతయి మస్తు పుస్తకాలు. ఎనిమిదేండ్లకు ఏమైందో సూడుండ్రి. 1914 ఏప్రిల్ 20, కొలరాడో రాష్ట్రంల లడ్లో అనే ఊరు. రాక్‌ఫెల్లర్ కుటుంబం చేతుల ఉన్న బొగ్గు కంపెనీల కార్మికులు సమ్మె చేస్తె, కంపెనీ ఇండ్లకెల్లి ఎల్లగొట్టిన్రు. వాళ్లు పెండ్లాం పిల్లలతోని గుడారాలు ఏసుకొని ఉన్నరు. నేషనల్ గార్డు, కంపెనీ గార్డులు కలిసి కాల్పులు జరిపి గుడారాలు కాలబెట్టిన్రు. కాల్పులకు భయపడి గుడారం కింద గుంతల దాక్కున్న పదకొండు మంది పిల్లలు, ఇద్దరు ఆడోళ్లు ఊపిరాడక చచ్చిపోయిన్రు. దేశమంత ఉడికింది. అప్పుడు రాక్‌ఫెల్లర్ ఎవరిని పిలిచిండు? ఐవీ లీనే. ఈయన కంపెనీ తరఫున బులెటిన్లు అచ్చేసి దేశంల పెద్దమనుషులందరికి పంపిండు. అండ్ల యూనియన్ నాయకుల జీతాలు ఉన్నదానికన్న ఎన్నో రెట్లు పెంచి రాసిన్రు. విచారణ కమిషన్ పిలిచి అడిగితె, కంపెనీ ఇచ్చిన లెక్కలే నేను రాసిన, అవి నిజమా కాదా అని చూసుకోలే అన్నట్టు జవాబిచ్చిండు. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయనకు "పాయిజన్ ఐవీ" అని పేరు పెట్టిండు. ముట్టుకుంటె దురద పెట్టే ఒక తీగ పేరది.

నిజం చెప్తమని ప్రకటన రాసింది ఆ చెయ్యే, లెక్కలు సూడకుండ బులెటిన్ ఏసింది సుత ఆ చెయ్యే. పనిముట్టు ఒక్కటే. మన కొడవలితోని వరి కోసుకోవచ్చు, ఇంకోటి సుత కొయ్యొచ్చు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మ్యాగీ తిననోళ్లు మీల ఎవ్వరూ ఉండరు. 2015ల అది ఐదు నెలలు దుకాణాల్ల దొరకలే, యాదికున్నదా? అసలు సంగతి అంతకుముందు ఏడాదే మొదలైంది. ఉత్తరప్రదేశ్‌ల బారాబంకి అనే జిల్లాల ఒక ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఒక దుకాణంల మ్యాగీ ప్యాకెట్ తీసి ల్యాబుకు పంపిండు. ప్యాకెట్ మీద ఎంఎస్‌జీ కలుపలేదని రాసుంది, పరీక్షల ఎంఎస్‌జీ కనవడ్డది. కంపెనీ ఒప్పుకోలే. మల్ల కోల్‌కతా కేంద్ర ల్యాబుకు పోయింది. అక్కడ్నుంచి 2015 ఏప్రిల్‌ల వచ్చిన రిపోర్టుల సీసం 17.2 పీపీఎం ఉందని తేలింది. ఉండాల్సింది 2.5 లోపట. మే నెల వరకు దేశమంత ఇదే ముచ్చట. కంపెనీ పెద్ద సాబు స్విట్జర్లాండ్‌కెల్లి ఢిల్లీకొచ్చి ప్రెస్ మీట్ పెట్టింది జూన్ 5న. అదే రోజు ఫుడ్ సేఫ్టీ సంస్థ నిషేధం పెట్టింది.

ఇండ్ల ఒక మెలిక ఉన్నది. ఆగస్టు 13న బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీ మాట వినకుండ నిషేధం పెట్టిన్రు, పరీక్షలు చేసిన ల్యాబులకు సరైన గుర్తింపు లేదు అన్నది. మల్ల మూడు ల్యాబుల్ల పరీక్ష చేపిస్తె సీసం హద్దు లోపలనే ఉందని వచ్చింది. నవంబర్‌ల మ్యాగీ మల్ల దుకాణాల్లకు వచ్చింది. అంటె కోర్టుల కంపెనీ గెలిచింది. అయినా ఏం పోయింది? 30 వేల టన్నులకు పైగ సరుకు వాపస్ తెప్పిచ్చి సిమెంట్ ఫ్యాక్టరీ బట్టీల్ల కాలబెట్టిన్రు. ఆ ఏప్రిల్ నుంచి జూన్ మూడు నెలల్ల నెస్లే ఇండియాకు 64 కోట్లకు పైగ నష్టమొచ్చింది. దేశం పెద్దను మార్చిన్రు. లక్షల కిరాణా దుకాణాలోళ్లు, రోడ్డు మీద మ్యాగీ బండి పెట్టుకున్నోళ్లు చేసుకున్న నష్టం ఈ లెక్కల ఉండదు.

నాకు ఆ కంపెనీ మీద ప్రేమేం లేదు. కాని నేర్చుకునేది ఉంటె దుష్మన్ కాడ సుత నేర్చుకోవాలె. రిపోర్టు ఏప్రిల్‌ల వస్తె, పెద్దమనిషి జనం ముంగటికి జూన్‌ల వచ్చిండు. మధ్యల ఉన్న ఆ ఐదారు వారాలు ఎవరు మాట్లాడిన్రు? టీవీ మాట్లాడింది, వాట్సాప్ మాట్లాడింది, పక్క నూడుల్సోడు మాట్లాడిండు. తల్లులకు కావాల్సింది పీపీఎం లెక్క కాదు. "మా పిల్లకు పెట్టొచ్చా, వద్దా?" గీ ఒక్కదానికి సక్కటి జవాబు దొరకలే. నీ దగ్గర రుజువు ఉన్నా సరే, అడిగిన రోజు చెప్పకపోతె తర్వాత కోర్టు చెప్పినా జనానికి సగమే ఎక్కుతది.

క్యాడ్బరీ సుత గట్లనే. 2003 అక్టోబర్‌ల, సరిగ్గ దీపావళి ముంగట, మహారాష్ట్రల చాక్లెట్ల పురుగులు కనవడ్డయి. మొదలు కంపెనీ ఏమన్నది? దుకాణపోళ్లు సరిగ్గ దాచుకుంటలేరు, తప్పు వాళ్లదన్నది. పండుగ గిరాకీ పడిపోయింది. తర్వాత బుద్ధి తెచ్చుకొని ప్యాకింగే మార్చింది, లోపట అల్యూమినియం రేకు పెట్టి గట్టిగ సీల్ చేసింది. అప్పుడు అమితాబ్ బచ్చన్‌ను తెచ్చి యాడ్ చేసింది. మా దోస్తులు బచ్చన్‌ను యాదిలో పెట్టుకున్నరు, నేను ఆ రేకును యాదిలో పెట్టుకున్న. రేకు మార్చకుండ బచ్చన్ ఒక్కడే వస్తె ఇంకో పురుగు కాడికే పని అయిపోయేది.

ఈ చదువుల పెద్ద ఉదాహరణగ ప్రపంచమంత చెప్పేది టైలినాల్ గోళీల కథ. 1982ల షికాగోల ఎవడో దుకాణాల్ల ఉన్న సీసాలల్ల సైనైడ్ కలిపిండు, ఏడుగురు చచ్చిపోయిన్రు. తప్పు కంపెనీది కాదు. అయినా జాన్సన్ అండ్ జాన్సన్ మూడు కోట్ల పది లక్షల సీసాలు దేశమంత వాపస్ తీసుకున్నది. ఎవడన్న మూత ఇప్పితె తెలిసిపోయే కొత్త సీసా తెచ్చింది. ఇది మంచి పనే, కాదనను. కాని అదే కంపెనీ బేబీ పౌడర్‌ల ఆస్బెస్టాస్ ఉందని వేల కేసులు పడ్డయి. కంపెనీకి ఈ సంగతి ఏండ్ల సంది ఎరుకేనని 2018ల రాయిటర్స్ రాసింది. కంపెనీ కాదన్నది. 2020ల మాత్రం అమెరికాల ఆ టాల్కం పౌడర్ అమ్ముడు ఆపింది. మొదటి కథ పాఠాల్ల ఉంటది, రెండోది అంతగనం ఉండదు.

ఇగ విశాఖపట్నం. ఈ ముచ్చట రాసేటప్పుడు నాకు ఇప్పటికి సుత చెయ్యి బరువైతది.

2020 మే 7, తెల్లారుజామున మూడు గంటలు. ఆర్ఆర్ వెంకటాపురం. లాక్‌డౌన్ల మూతపడి ఉన్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకుల కెల్లి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. జనం నిద్రల ఉన్నరు. ఉరుకుతు ఉరుకుతు రోడ్ల మీద పడిపోయిన మనుషులను, నోట్ల నురుగొచ్చిన బర్లను మీరందరు ఫోన్ల సూసిన్రు. పన్నెండు మంది పోయిన్రు. వందల మంది దవాఖాన్ల పాలైన్రు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఏసిన హైపవర్ కమిటీ రిపోర్టుల ఒక సంగతి రాసిన్రు. ఫ్యాక్టరీల సైరన్ ఉన్నది. కాని ఆ రాత్రి సైరన్ కొట్టలేదు.

జర ఆలోచించుండ్రి. అసొంటి కంపెనీకి ప్రెస్ నోట్ రాసెటోళ్లు ఉంటరు, వెబ్‌సైట్ ఉంటది. ప్రమాదం అయినంక కంపెనీ ప్రకటన సుత వచ్చింది, అదుపుల ఉన్నదని, బాధితులను ఆదుకుంటమని. కాని ఊరితోని మాట్లాడాల్సిన మొట్టమొదటి మాట సైరన్. ఇంగ్లీషు రానోనికి, చదువు రానోనికి, ముసలామెకు, పసిపోరనికి అందరికి అర్థమయ్యే ఒకే ఒక్క ప్రకటన అది. మూడు గంటలకు అది మోగితె ఎంత మంది బతికేటోళ్లో ఎవ్వరం చెప్పలేం. మోగలేదన్నది మాత్రం రిపోర్టుల ఉన్నది.

దీనికి చట్టం లేదనుకునేరు. 1984ల భోపాల్ అయినంక, 1987ల ఫ్యాక్టరీల చట్టానికి 41-బి అని ఒక సెక్షన్ కలిపిన్రు. ప్రమాదకరమైన పని చేసే ఫ్యాక్టరీ తన దగ్గర ఏమున్నదో, దాంతోని ఏమైతదో, ఏం జాగ్రత్త పడాలెనో కార్మికులకు, అధికారులకే కాదు, చుట్టుపక్కల జనానికి సుత చెప్పాలె అన్నరు. 1989 రసాయనాల రూల్స్‌ల సుత ఇదే ఉన్నది. అంటె పీఆర్‌ల మొదటి భాగం కంపెనీ దయ కాదు, బాధ్యత. మీ ఊరి పక్కన గట్ల ఫ్యాక్టరీ ఉంటె మాక్ డ్రిల్ ఎన్నడు చేసిన్రో, ఊరికి ఏం చెప్పిన్రో అడుగుండ్రి. సమాచార హక్కు కింద ఒక పది రూపాయల అర్జీ పెడితె చాలు.

పబ్లిక్ హియరింగ్ సంగతి సుత ఇదే లైన్ల చెప్పుకోవాలె. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టు వచ్చేముంగట నెల రోజుల ముందు నోటీసు ఇచ్చి, స్థానిక భాషల రిపోర్టు సారాంశం ఊరికి ఇచ్చి, కలెక్టర్ ముంగట జనం మాట వినాలె. వింటరా అంటె అది వేరే ముచ్చట, టెంటు ఏసి బిర్యాని పొట్లాలు పంచి సంతకాలు తీస్కునే పబ్లిక్ హియరింగులు నేనే సూసిన. అయినా అదొక జాగ. 2021ల కేంద్రం ఏం చేసిందంటె, పెట్రోల్‌ల కలిపే ఇథనాల్ మాత్రమే తీసే ధాన్యం ఫ్యాక్టరీలను బీ-2 కిందికి తెచ్చింది. బీ-2 అంటె పబ్లిక్ హియరింగ్ అక్కర్లేదు. కంపెనీలకు అనిపించింది కావచ్చు, మాట్లాడే పని తప్పిందని. 2024 నవంబర్‌ల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊర్లు ఊర్లే జాతీయ రహదారి మీదికొచ్చి కూసున్నయి, పనులు ఆపాల్సి వచ్చింది. మమ్మల్ని అడగకుండ మా పొలాల మధ్యల ఎట్ల కడ్తరనేదే అక్కడ అందరి నోట ఉన్న మాట. కాయిదం మీద తప్పించుకున్న మాట రోడ్డు మీద ఎదురైంది.

ఇగ మనల్ని పడగొట్టే పీఆర్ సంగతి జర తొందరగ చెప్త. మొదటిది పైసల వార్త. 2009 ఎన్నికల్ల పైసలు తీసుకొని వార్తలు ఏసిన్రని మస్తు లొల్లి అయితె, ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితోని కమిటీ ఏసింది. పరంజయ్ గుహ ఠాకుర్తా ఒకరు, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి ఇంకొకరు. పత్రికల పేర్లతోని సహా రాసిన్రు. ఆ పూర్తి రిపోర్టును కౌన్సిలే పక్కకు పెట్టింది. సమాచార కమిషన్ చెప్పినంక 2011ల బయటవడ్డది. పేపర్ల గురించిన నిజం పేపర్ల సంస్థే దాచిందన్నట్టు.

రెండోది సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఐదు కోట్లు, ఆపైన లాభమున్న కంపెనీ సుత దీని కిందికి వస్తది. మూడేండ్ల సగటు లాభంల నూటికి రెండు రూపాయలు సమాజానికి ఖర్చు పెట్టాలె. ఇది దానం కాదు తమ్మీ, చట్టం. బడి గోడకు రంగు ఏసి దాని మీద బారెడు కంపెనీ పేరు రాస్తె సప్పట్లు కొట్టేముంగట గీ సంగతి యాదికి తెచ్చుకోవాలె. రంగు ఏసినందుకు థాంక్స్ చెప్పు, తప్పులేదు. చెరువుల నల్లనీళ్ల సంగతి అడుగుడు మాత్రం బంద్ చెయ్యకు.

మూడోది మీ ఫోన్లనే ఉన్నది. రీల్స్ చేసే అన్నలు, అక్కలు. ఇంట్ల మనిషి లెక్క మాట్లాడుతరు, "నేను వాడిన, మస్తుంది" అంటరు. పైన చెప్పిన పక్కింటామె మాట ఉన్నది సూడు, దాన్ని టోకుగ కొనుడు ఇదే. పైసలు తీసుకొని చెప్తె ఇది ప్రకటన అని రాయాలెనని 2021ల అడ్వర్టయిజింగ్ కౌన్సిల్ రూల్ పెట్టింది. 2019 వినియోగదారుల చట్టంల తప్పుడు ప్రకటనకు పది లక్షల దాక జుర్మానా ఉన్నది, చెప్పిన సెలబ్రిటీకి సుత పడ్తది. 2025 మార్చిల బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన్రని సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాద్ల కేసులైనయి. అప్పటికే ఎన్ని ఊర్లల్ల ఎంత మంది పోరగాళ్లు ఎకరాలు అమ్ముకున్నరో మీకు నాకన్న బాగ ఎరుక.

సరే, దుకాణం పెట్టుకున్న తమ్ముడు, చెల్లె ఏం చెయ్యాలె? ఏజెన్సీ పెట్టుకునే తాకతు మనకు లేదు, అక్కర సుత లేదు. ఊర్ల నీ మొఖమే నీ ఏజెన్సీ. ఫిర్యాదు వచ్చిందంటె మొదటి గంటల పో, రెండోనాడు కాదు. పోయినప్పుడు వాదన పెట్టకు, విను. ఏం తెల్సో అదే చెప్పు, తెల్వనిది "సూసి రేపు పొద్దుగాల చెప్త" అను, చెప్పిన టైముకు చెప్పు. జవాబు ఒక్కరే చెప్పాలె. నువ్వొకటి, మీ బాపు ఒకటి, ఆటో నడిపేటోడు ఇంకొకటి చెప్తె మూడిట్ల ఏది అబద్ధమో జనమే ఎతుక్కుంటరు. రేటు ఎక్కువుందని అడిగినోనికి ఆడియోల బూతులు పెట్టి మొత్తం బ్రాండే ముంచుకున్నోళ్ల కథలు మీ ఫోన్లల్ల మస్తున్నయి. కోపమొచ్చినప్పుడు ఆ మైక్ బటన్ మీద ఏలు పెట్టొద్దు, అంతే.

పేపరోళ్లతోని సుత భయం అక్కర్లేదు. మండల విలేకరి నీ లెక్కనే చిన్న బతుకే బతుకుతున్నడు. ప్రెస్ నోట్ అంటె ఒక పేజీ. మొదటి రెండు లైన్లల్లనే ఏమైంది, ఎక్కడ, ఎన్నడు, మేం ఏం చేస్తున్నం అన్నది ఉండాలె. కింద నీ పేరు, ఫోన్ నంబర్. విశేషణాలు తీసెయ్. "ప్రజల ఆరోగ్యమే మా ధ్యేయం" అసొంటివి రాస్తె సదివేటోడు అక్కడ్నే పేజీ తిప్పుతడు. కవర్‌ల ఐదువందలు పెట్టుడు మాత్రం వద్దు. ఈసారి నీ మంచి కోసం తీసుకున్నోడు, వచ్చేసారి అవతలోని మంచి కోసం తీసుకుంటడు.

ఇగ మన నీళ్ల తమ్ముడు. ప్రెస్ నోట్ రాయను అని చెప్పిన. జర అలిగిండు. "మరేం చెయ్యాలె?" అంటె, ఆటోల ఎక్కి మొదలు ఆ ఇంటికి పో, క్యాన్ తెచ్చుకో, ఇంట్ల ఎవరికన్న కడుపు నొప్పి, ఇరోచనాలు అయితున్నయేమో అడుగు, దవాఖాన ఖర్చు అయితె నీదే అను అన్న. పది గంటలకు మల్ల ఫోన్ చేసిండు. గొంతు మారింది. ఆ ఇంట్ల చిన్నపిల్లకు రెండు రోజుల సంది ఇరోచనాలేనట. నీళ్లతోనో, ఇంకేంటితోనో తెల్వదు. వీడు ఆటోల ఏసుకొని పీహెచ్‌సీకి తీస్కపోయిండు. వీడియో తీసిన పిల్లగాడే ఎనుక కూసోని వచ్చిండట.

తర్వాత కూసొని ప్లాంట్ అంత సూసుకున్నం. ఫిల్టర్ మార్చి ఎనిమిది నెలలు. క్యాన్లు లోపట కడిగే బ్రష్షే లేదు, నీళ్లు పోసి ఊపి పారవోసుడే కడుగుడు. ఎండల నిలవెట్టిన క్యాన్లకు పాకురు పట్టకపోతె ఏం పడ్తది? అవతలి ప్లాంటోని కుట్ర ఏం లేదు. గ్రూపుల మూడు లైన్లు వాడే టైపు చేసిండు, నేను అక్షరం దిద్దలే. క్యాన్ మాదే, కడుగుడుల తప్పయింది, నాలుగు రోజులు సప్లై బంద్, నీళ్లు పరీక్షకు పంపిన, రిపోర్టు ఏదొచ్చినా ప్లాంట్ గోడకు అంటిస్త అని.

కింద వచ్చిన కామెంట్లల్ల సగం తిట్లే. నలభై ఇండ్లోళ్లు అప్పటికే వేరే ప్లాంట్ క్యాన్లు ఏపిచ్చుకున్నరు. నాలుగు రోజుల గిరాకీ పోయింది, సంఘం కిస్తీ ఈ నెల వాళ్లమ్మ చెవుల కమ్మలు కుదువ పెట్టి కట్టింది. ఆ సంగతి చెప్తుంటె వాని కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నాకు సుత ఏమనాలెనో తోచలే. పిల్లకు నయమైంది. ల్యాబ్ రిపోర్టు శుక్రారం వస్తదట. బాగ రాకపోతె ఏం చేస్తవ్ అని అడిగిన. "అంటిస్త అన్న గద అన్నా" అన్నడు, క్యాన్ బోర్లిచ్చి కొత్త బ్రష్‌తోని రుద్దుకుంటనే.